మఖమల్ గవుసెన

పెద్ద తాత గొంతు మూడో తత్వం నడుమ తెగిపోయింది.

ఫాల్గుణ అమావాస్య మధ్యాహ్నం. అన్నాలు అయ్యాయి, విస్తళ్ళు ఎత్తారు. మఠం సావిట్లో ఎనభైమంది దాకా చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకుని వింటున్నారు. "తలుపు మూసి దీపమెడితే వెలుగు నీకా నాకురా" అని పెద్ద తాత తంబుర మీద సాగదీస్తూ రెండోసారి ఎత్తుకున్నాడు. వెలుగు అన్న మాట దగ్గర ఆగిపోయింది. ల్యాప్‌టాప్ రెండు స్వరాల్లో చిన్నగా మూలిగింది. ఆ తర్వాత సావిట్లో వినబడింది ఈగల చప్పుడే.

హొన్నూరప్ప తెర మీదికి వంగి చూశాడు. వైరు ఊడలేదు. కరెంటు పోలేదు. హార్డ్ డిస్కు మాత్రం కంప్యూటరుకు కనిపించకుండా పోయింది. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. డిస్కు వచ్చింది. అర నిమిషం పాడి మళ్ళీ మాయమైంది. ఈసారి పీకి పెట్టినా రాలేదు. ఎనభైమంది కళ్ళు తెరిచి తననే చూస్తుంటే అతనికి చెవులు వేడెక్కాయి.

ఆదోనికి పడమరగా, ఎర్రమట్టి చేల నడుమ, చిన్న గుట్ట కింద ఉంది ఆ మఠం. దూది ఏకేవాళ్ళ ఇంట్లో పుట్టిన నబీసాబు తాత అరవై ఏళ్ళ కిందట అక్కడ ఒక పాక వేసుకుని తత్వాలు పాడుతూ కూర్చున్నాడు. కులమేదని అడగలేదు, అడిగినవాళ్ళకు చెప్పలేదు. ఆయన్నే అందరూ పెద్ద తాత అంటారు. ఆయన పోయి పంతొమ్మిదేళ్ళు. ఆయన గద్దె మీద పచ్చ మఖమల్ దుప్పటి పరిచి ఉంటుంది, దాని మీద ఎవరూ కూర్చోరు. ఆయన శిష్యుడు ఫక్కీరప్ప తాత ఆ గద్దె పక్కన, నేల మీద, చాప వేసుకుని కూర్చుంటాడు. ఎనభై దగ్గరపడినా తంబుర శ్రుతి చేసుకోవడానికి ఇంకొకరి చెయ్యి అక్కరలేని మనిషి.

హొన్నూరప్ప ఫక్కీరప్ప తాతకు శిష్యుడు. గుంతకల్లులో పదిహేనేళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. ఎన్ని పెళ్ళిళ్ళు వీడియో తీశాడో అతనికే లెక్క లేదు. భార్య పోయిన ఏడాది స్టూడియో తమ్ముడికి అప్పజెప్పి, ఒక ల్యాప్‌టాప్, రెండు జతల బట్టలు తీసుకుని మఠానికి వచ్చేశాడు. ఇక్కడ అతనికి చేతినిండా పని దొరికింది. పెద్ద తాత బతికున్న రోజుల్లో ఎవరో పట్టిన నలభై ఒక్క క్యాసెట్లు రేకుపెట్టెలో బూజు పట్టి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తుడిచి, ఆడించి, ఎనిమిది నెలలు కూర్చుని అన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. పని ముగిశాక క్యాసెట్లను పసుపు గుడ్డలో మూటగట్టి తుంగభద్రలో వదిలారు. మఠంలో పాతబడ్డ పుస్తకానికైనా, చిరిగిన దుప్పటికైనా చేసే మర్యాద అదే. చెయ్యాలని గుర్తుచేసినవాడు హొన్నూరప్పే.

ఇంకో కాపీ తీసి పెట్టుకోమని చెప్పినవాళ్ళు ఉన్నారు. తమ ఫోన్లలో వేసిమ్మని అడిగినవాళ్ళూ ఉన్నారు. హొన్నూరప్ప ఒప్పుకోలేదు. పెద్ద తాత గొంతును జేబులో వేసుకుని తిరుగుతారా, బస్సులో కూర్చుని వింటారా అని కసిరాడు. గురువు ఒక్కడే, గొంతు ఒక్కచోటే ఉండాలని అతని మాట. నిజం చెప్పాలంటే ఆ ఒక్కచోటు తన చేతికింద ఉండడం అతనికి బాగుండింది.

మఠంలో పెద్ద తాత వస్తువు ఏదీ బోసిగా ఉండదు, గవుసెన అని గుడ్డ తొడుగు ఒకటి ఉంటుంది. చేతికర్రకు గవుసెన, పావుకోళ్ళకు గవుసెన, తంబురకు గవుసెన. డిస్కు ఒక్కటే ఎందుకు నల్లడబ్బాలా పడి ఉండాలని హొన్నూరప్పకు మనసు ఒప్పలేదు. మాఘమాసం గురుపూజకు గద్దె దుప్పటి కొత్తగా కుట్టించినప్పుడు మిగిలిన పచ్చ మఖమల్ అడిగి తీసుకుని, డిస్కుకు గవుసెన కుట్టించాడు. పెద్ద తాత దూదేకుల ఇంటి బిడ్డ కాబట్టి లోపల చేత్తో ఏకిన దూది పొరగా వేయించాడు. అంచుకు జరీ. వైరు పట్టేంత బొక్క ఒకటి.

దాన్ని ఫక్కీరప్ప తాత చేతికి ఇచ్చి చూపించాడు. ఆయన మెత్తగా నొక్కి చూసి, "బాగుండాది. దీన్ని తీసేదెప్పుడు?" అని అడిగాడు.

"తీసే పనే ల్యా తాతా. వైరుకు బొక్క పెట్టించినా," అన్నాడు హొన్నూరప్ప.

తాత తల ఊపి తిరిగి ఇచ్చేశాడు.

ఇది మాఘంలో మాట. ఫాల్గుణంలో మొదటిసారి గొంతు తెగింది.

ఆ రోజు అందరూ లేచి వెళ్ళాక స్తంభం పక్కన ఒక ముసలామె మిగిలింది. నల్ల కంబళి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు ఉరుకుందమ్మ. నాలుగు మైళ్ళ అవతల గొర్రెలమంద ఉన్న కురుబోళ్ళ ఇంటి మనిషి. అమావాస్య అమావాస్యకు నడిచి వస్తుంది, స్తంభం దగ్గర కూర్చుంటుంది, విని వెళ్ళిపోతుంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

ఇంకా ఉండాలి కదా అని అడిగింది. మిషను పాడైందని, వచ్చే నెల విందువులే అని హొన్నూరప్ప చెప్పాడు. ఆమె కాసేపు అక్కడే తచ్చాడి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి చెప్పింది.

"మూడో తత్వం అయినాక మా ఆయప్ప మాట్లాడతాడు నాయనా."

హొన్నూరప్పకు గుర్తుంది. అమావాస్యలకు ఆడించే ఆ క్యాసెట్టులో మూడో తత్వం ముగిశాక ఎవరో గొర్రెలకాపరి దగ్గుతూ ఏదో అడుగుతాడు, పెద్ద తాత రెండు మాటల్లో జవాబు చెబుతాడు. ఎక్కించేటప్పుడు ఆ దగ్గు కోసేద్దామనుకున్నాడు. పెద్ద తాత మాట దానికి అతుక్కుని ఉంది కనక వదిలేశాడు. ఆ కాపరి పేరు బీరప్పట. ఈమె మొగుడట. పోయి ఇరవై రెండేళ్ళట. ఫోటో ఒకటి ఉంది గానీ గొంతు ఇంకెక్కడా లేదని ఆమె చెప్పింది. క్యాసెట్టు ఉన్నన్నాళ్ళూ ఎవరైనా పెట్టెలోంచి తీసి ఆడిస్తే ఏడాదికి ఒకటి రెండు సార్లయినా వినేదట.

"ఒక చెవు పోయె. రెండోది పోతా ఉండాది. ఆడినుంచే పెట్టరాదా?"

"పెద్ద తాత పాట దాటేసి పోకూడదవ్వా," అన్నాడు హొన్నూరప్ప. ఆ మాట అంటున్నప్పుడు తన భక్తి తనకే ముచ్చటగా అనిపించింది. అవ్వ సరేనని కంబళి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ నెలంతా హొన్నూరప్పకు తల ప్రాణం తోకకొచ్చింది. మొదట వైరు మీద అనుమానం. కొత్తది తెప్పించాడు. తర్వాత పోర్టు. ఎడమవైపుది తీసి కుడివైపు పెట్టాడు. నడుమ వాడే హబ్ తీసేసి డిస్కును నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాడు. కరెంటు మిగల్చడానికి ల్యాప్‌టాప్ తనంతట తానే డిస్కును నిద్రపుచ్చుతుందని తెలుసు, ఆ సెట్టింగు తీసేశాడు. డ్రైవర్లు పీకేసి మళ్ళీ వేశాడు. డిస్కులో లోపాలు వెతికించాడు. ఒక్క లోపం లేదని వచ్చింది. ఇంత చేసి, కళ్ళకు అద్దుకుని, ఆడించేవాడు. ఇరవై నిమిషాలు, అరగంట, బాగా పాడేది. సరిగ్గా నమ్మకం కుదిరేవేళకు మూలిగి పోయేది. ఇక లాభం లేదని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చెయ్యబోతే అదీ సగంలో తెగింది. విసుగెత్తి రెండు గంటలు దాని జోలికి పోకుండా ఉండి మళ్ళీ పెడితే ఏమీ ఎరగనట్టు పాడేది.

ఆదోని తీసుకుపోయాడు. కంప్యూటర్లు బాగుచేసే అతను టిఫిను డబ్బాను సంచిలోంచి తీసినట్టు డిస్కును గవుసెనలోంచి తీసి, బల్ల మీద, ఫ్యాను కింద పడేశాడు. హొన్నూరప్పకు ప్రాణం చివుక్కుమంది. తన తువ్వాలు మడిచి డిస్కు కిందికి తోశాడు. అక్కడ నాలుగు గంటలు ఆడించారు. ఒక్కసారి తెగలేదు. డిస్కుకేమీ కాలేదు, ఎందుకైనా మంచిది ఇంకో కాపీ ఇప్పుడే తీసుకుని పో అన్నాడు షాపతను. డిస్కు బాగానే ఉందంటే ఇక కాపీ ఎందుకని హొన్నూరప్ప గవుసెన తొడిగి సంచిలో పెట్టుకున్నాడు. పట్నం కరెంటు మంచిది, మఠం కరెంటు చెడ్డది అని తేల్చుకుని, ఒక యూపీఎస్ అడిగి తెచ్చుకున్నాడు.

చైత్ర అమావాస్య నాడు యూపీఎస్ పచ్చదీపం వెలుగుతూనే ఉంది. మూడో తత్వంలో, అదే వెలుగు అన్న మాట దాటి రెండు మాటల తర్వాత, గొంతు తెగింది.

స్తంభం దగ్గర ఉరుకుందమ్మ ముందుకు వంగి, చెయ్యి చెవికి దొప్పలా పెట్టుకుని ఉంది. తెగిపోయాక కూడా చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

వైశాఖంలో ఎవరూ అనుకోని వాన పడింది. అమావాస్యకు ముందురోజు మొదలై, తెల్లారి పది దాకా కురిసి, గుట్ట రాళ్ళన్నీ కడిగేసింది. సావిట్లో చలిగాలి. జనం తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ఆ రోజు పెద్ద తాత గొంతు మొదటి తత్వం నుంచి నాలుగో తత్వం చివరి దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. ముసలివాళ్ళు ఏడ్చారు. హొన్నూరప్ప కూడా ఏడ్చాడు. నడుమ ఎవడో కాపరి దగ్గి ఏదో అడిగి వెళ్ళిపోయాడు. కన్నీళ్ళు తుడుచుకుని సావిడి అంతా తృప్తిగా చూసుకుంటూ వస్తుంటే, స్తంభం దగ్గర అతని చూపు ఆగింది. అక్కడ ఎవరూ లేరు. ఉరుకుందమ్మకు జ్వరమని, మంచం దిగలేదని ఆమె ఊరివాళ్ళు చెప్పారు.

ఆమె వచ్చింది, తెగింది. వచ్చింది, తెగింది. రాలేదు, తెగలేదు. హొన్నూరప్ప మూఢుడు కాదు. వైరు, పోర్టు, సెట్టింగు, కరెంటు అంటూ ఒక్కొక్కటే మార్చి చూసుకుంటూ వచ్చిన మనిషి. ఇన్ని మార్చాక మిగిలింది ఆ ముసలామె ఒక్కతే; ఆమె లేనప్పుడు, తాను ఒక్కడే ఆడించుకున్నప్పుడు తెగినవి లెక్కలో వేసుకోలేదు. అందరూ గురువు మాట వినడానికి వస్తే ఆమె మొగుడి మాట వినడానికి వస్తోంది, పెద్ద తాతకు అది గిట్టలేదు. ఇలా అనుకునేసరికి అతనికి మనసు తేలికపడింది. లెక్క కుదిరినప్పుడు వచ్చే సుఖం అది, ఆ సుఖంలో మనిషి కంటికి ఇంకొకరి ముఖం ఆనదు.

మర్నాడు ఫక్కీరప్ప తాతకు చెప్పాడు. ఆయన తంబుర గవుసెన ముడి విప్పుతున్నాడు. అంతా విన్నాడు. గవుసెన మడిచి పక్కన పెట్టుకుని, ఒక తీగ మీటి, చెవి పెట్టి చూసి, "ఆయమ్మకు జ్వరం తగ్గెనా?" అని అడిగాడు.

హొన్నూరప్పకు తెలియదు. తెలుసుకోలేదు.

వైశాఖంలో పడ్డ వాన మళ్ళీ ముఖం చూపించలేదు. మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు. జ్యేష్ఠ అమావాస్య నాడు సావిటి బండలు కాలు పెట్టనివ్వడం లేదు. ఉన్న రెండు ఫ్యాన్లూ వేడిగాలినే తిప్పుతున్నాయి. అన్నాల వేళకు ఉరుకుందమ్మ వచ్చింది. చిక్కిపోయి, కర్ర మీద ఆనుకుని, చెప్పులు చేతబట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. హొన్నూరప్ప ఎదురుపోయాడు.

మర్యాదగానే చెప్పాడు. లోపల ఉక్కగా ఉందని, వంటసాలలో కూర్చుని అన్నం తిని, అలసట తీర్చుకుని వెళ్ళమని చెప్పాడు. పాట అయ్యాక పోతానని ఆమె అంది. అప్పుడు అసలు సంగతి చెప్పక తప్పలేదు.

"నువ్వుంటే పెద్ద తాత గొంతు నిలబడ్డంలేదవ్వా."

ఆమె సరిగా వినలేదేమో అని గట్టిగా మళ్ళీ చెప్పాడు. చుట్టుపక్కలవాళ్ళు విన్నారు. ఆమె ముఖంలో ఏ కోపమూ రాలేదు. అదే అతన్ని తర్వాత ఎన్నో రోజులు పీడించింది. తన వల్ల ఎనభైమందికి నష్టం కలిగిందా అని భయపడ్డట్టు రెండు చేతులూ జోడించి, వంటసాల వైపు నడిచింది. కర్ర చప్పుడు కాకుండా ఎత్తి ఎత్తి పెట్టుకుంటూ పోయింది.

హొన్నూరప్ప వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గవుసెన మీద చెయ్యి పెట్టి దణ్ణం పెట్టుకుని ఆడించాడు. మొదటి తత్వం అయింది. రెండోది అయింది. మూడోది మొదలయ్యేసరికి అతని పెదాల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. "తలుపు మూసి దీపమెడితే" అని పెద్ద తాత అందుకున్నాడు. ల్యాప్‌టాప్ మూలిగింది.

అందరూ ఫక్కీరప్ప తాత వైపు చూశారు. తాత హొన్నూరప్ప వైపు చూశాడు. హొన్నూరప్ప ఆలోచించినది ఎంతోసేపు కాదు. వంటసాల కూడా మఠం ప్రహరీ లోపలే ఉంది కదా అనిపించింది. ఆమెను గేటు అవతలికి పంపాలి. లేచి, తువ్వాలు దులుపుకుని, గుమ్మం వైపు నడిచాడు.

"హొన్నూరప్పా, ఇట్ల రా. నా ముందర కూచ్చో," అన్నాడు తాత.

వచ్చి కూర్చున్నాడు. ఫక్కీరప్ప తాత మెల్లగా లేచి గద్దె దగ్గరికి పోయాడు. పెద్ద తాత గద్దె మీది పచ్చ మఖమల్ దుప్పటిని రెండు చేతులతో ఎత్తాడు. పంతొమ్మిదేళ్ళలో గురుపూజ నాడు తప్ప ఆ గద్దె బోసిపోవడం ఎవరూ చూడలేదు. జనంలో గుసగుస లేచింది. తాత ఆ దుప్పటిని తెచ్చి హొన్నూరప్ప నెత్తి మీదుగా, ముఖం కనబడకుండా, మోకాళ్ళ కింది దాకా కప్పాడు. అంచులు లోపలికి తోసి, వైరుకు బొక్క వదిలినట్టు, ముక్కు ముందర వేలెడు సందు వదిలాడు.

హొన్నూరప్ప ఒళ్ళు జలదరించింది. పెద్ద తాత గద్దె దుప్పటి తన మీద పడింది. ఫక్కీరప్ప తాత తర్వాత ఆ చాప ఎవరిదో ఆయనే అందరిముందూ చెప్పేశాడనుకున్నాడు. ఎనిమిది నెలల కష్టం, నాలుగు నెలల అవమానం, అన్నీ ఆ మెత్తదనంలో కరిగిపోయాయి. కళ్ళు చెమ్మగిల్లాయి.

"మూడో తత్వం నేను పాడతా. అయ్యేదాకా అది తీయాకు," అన్నాడు తాత. తంబుర మోగింది.

మొదటి చరణం హొన్నూరప్ప విన్నాడు. రెండో చరణానికి వీపు మీద చెమట పాయలు కట్టింది. గద్దె దుప్పటికీ మఖమల్ కింద దూది పొర ఉంది. ఊపిరి బయటికి పోయినట్టే పోయి వేడిగా తిరిగి ముఖానికే కొట్టింది. ఓర్చుకున్నాడు. గురువు కప్పింది ఓర్చుకోవాలి అనుకున్నాడు. తాత పాడుతూనే ఉన్నాడు గానీ మాటలు అందడం మానేశాయి. తంబుర శ్రుతి ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. తన గుండె చప్పుడే చెవుల నిండా ఉంది. ఇంకొక్క చరణం అనుకున్నాడు. కళ్ళ ముందు పచ్చగా ఉన్నది నల్లబడింది. ఎప్పుడు లాగేశాడో తెలియదు, దుప్పటి ఒకవైపు, తాను ఒకవైపు పడి, మోకాళ్ళ మీద పాకి, గుమ్మం పట్టుకుని లేచి, బయటికి పోయి పడ్డాడు.

వంటసాల వసారాలోంచి ఉరుకుందమ్మ చూసింది. కర్ర అక్కడే వదిలేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, కాలే బండల మీద వట్టి కాళ్ళతో వచ్చింది. అతని నెత్తిన కొన్ని నీళ్ళు పోసింది. చెంబు నోటికి అందించింది.

"నిదానంగా తాగు నాయనా, నిదానంగా," అంటూ కొంగుతో విసిరింది. తానెందుకు బయట ఉండాల్సి వచ్చిందో ఆ క్షణాన ఆమెకు గుర్తున్నట్టే లేదు.

పాట ఆగింది. ఫక్కీరప్ప తాత తంబుర చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. వెనక జనం.

"లోపల కూచ్చోమంటి కదా. లేచి వచ్చినావేమి?"

"ఊపిరాడలా తాతా."

తాత ఉరుకుందమ్మ వైపు ఒకసారి చూశాడు.

"ఆయమ్మ ఉండబట్టా?"

హొన్నూరప్ప చెంబు కింద పెట్టాడు. తాత వెనక్కి తిరిగి పోయి, గద్దె మీద దుప్పటి మళ్ళీ పరిచి, తన చాప మీద కూర్చున్నాడు.

హొన్నూరప్ప లేచి లోపలికి వచ్చాడు. ల్యాప్‌టాప్ పక్కన పచ్చగా, జరీ అంచుతో, దేవుడి మూటలా ఉంది గవుసెన. దాన్ని విప్పి డిస్కు బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకోలేకపోయాడు. పొయ్యి మీదినుంచి దించిన మూకుడులా కాలుతోంది. గబుక్కున బండ మీద దించాడు. ఫాల్గుణం నుంచి ప్రతి అమావాస్యకూ దణ్ణం పెట్టాడు గానీ ఒక్కసారి దీన్ని ఒట్టిచేత్తో ముట్టుకుని చూడలేదు.

తడి తువ్వాలు పరిచి, తడి అంటకుండా దాని పక్కన, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టాడు. తాటాకు విసనకర్ర తెచ్చి విసిరాడు. జనం లేచిపోలేదు. ఏం జరుగుతోందో కొందరికి తెలిసింది, కొందరికి తెలియలేదు.

అది చల్లారాక బయటికి పోయాడు. ఉరుకుందమ్మ మళ్ళీ వంటసాల వసారాలోకి పోయి కూర్చుని ఉంది. ఆమె ముందు వంగి, కర్ర తీసి చేతికిచ్చాడు.

"తప్పు నాదవ్వా. నీ వల్ల ఏమీ కాలా. లోపలికి రా."

ఆమె రానంది. మళ్ళీ తెగితే అంతమంది ఉసురు తనకెందుకంది. తెగినా సరే రావాలని అతను బతిమాలాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్పీకరు పక్కన కూర్చోబెట్టాడు. బాగా వినబడే చెవి ఏదో అడిగి, ఆ చెవి స్పీకరు వైపు ఉండేలా జరిపాడు.

డిస్కు తగిలించాడు. కంప్యూటరులో కనిపించింది. మొదటి తత్వం మీద వేలు పెట్టి, ఆగి, తల ఎత్తకుండానే పెద్ద తాత పాటను దాటించాడు. మొదటిది దాటించాడు, రెండోది దాటించాడు, మూడోదాని చివరి చరణం దాకా తీసుకుపోయి వదిలాడు. జనంలో ఎవరో ముక్కున వేలేసుకున్నారు. ఫక్కీరప్ప తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు.

తత్వం ముగిసింది. తంబుర ఆగింది. ఎవరో దగ్గారు. పొగాకు, ఊరి బయట రాత్రి మంచు పీల్చి పీల్చి పాతబడ్డ దగ్గు.

"తాతా, గొర్రెల్ని వాగులో ఇడిసి వచ్చినా. కూచ్చునేకి పొద్దు ల్యా. ఒక్కమాటలో చెప్పు."

పెద్ద తాత నవ్వు. నోట్లో పళ్ళు లేని నవ్వు.

"ఒక్కమాటేనా? అట్లయితే పో నాయనా. గొర్రెలకాడికి పో."

కర్ర చప్పుడు. అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో తలుపు కిర్రుమంది. అంతే.

ఉరుకుందమ్మ ఏడవలేదు. నవ్వింది. "ఎప్పుడూ అంతే. నిలబడడు," అంది, పక్కన ఎవరో ఉన్నట్టు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొక్కసారి అని వేలు చూపించింది.

హొన్నూరప్ప మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. అయిదోసారికి అతనికి పాట కావాలనిపించలేదు, జవాబు కావాలనిపించలేదు. ఆ దగ్గు కోసం ఎదురుచూశాడు. ఒకప్పుడు దాన్ని కోసెయ్యబోయింది ఈ చేతులే. పదిహేనేళ్ళు పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలో మైకులు పట్టి తిరిగాడు. ఆ వందల వీడియోల్లో ఎక్కడా తన భార్య ఒక్క మాట లేదు. అన్నం చల్లారిపోతుంది రమ్మని వంటింట్లోంచి ఎలా పిలిచేదో గుర్తుంది గానీ వినబడడం లేదు. అతను గట్టిగానే ఏడ్చాడు. ఉరుకుందమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి, చూపు మాత్రం స్పీకరు మీదే ఉంచింది.

అది ఆడుతుండగానే పక్కన కాపీ కూడా మొదలుపెట్టాడు. ఇంట్లో ఫోను ఎవరికి ఉందని అవ్వను అడిగాడు. మనవరాలికి ఉందంది. వచ్చే అమావాస్యకు తీసుకుని రమ్మన్నాడు. ఆ మాట విని వెనక నలుగురు తమ ఫోన్లు బయటికి తీశారు. అతను కసరలేదు, కాపీ కానివ్వండి అన్నాడు.

పొద్దు వాలింది. జనం ఒక్కొక్కరే గద్దెకు మొక్కి బయల్దేరారు. ఫక్కీరప్ప తాత తంబుర తీసి హొన్నూరప్ప చేతికిచ్చాడు.

"పాడేది అయిపోయె. గవుసెన తొడుగు."

హొన్నూరప్ప తంబురకు గవుసెన తొడిగి, ముడి వేసి, మూలన ఆనించాడు. డిస్కు గవుసెన బండ మీద విప్పినది విప్పినట్టే పడి ఉంది. తాత దాన్ని చూపించాడు.

"దానికో?"

హొన్నూరప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఉరుకుందమ్మ చెవి స్పీకరుకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది.

"అవ్వ ఇంకా వింటా ఉండాది తాతా," అన్నాడు.